మడ అడవి ప్రాణికి సంఘ సభ్యత్వం

ఈస్టరు వెళ్ళిన రెండో ఆదివారం ఆరాధన ముగిశాక, మొగలిదిబ్బ ఉదయకాంతి సంఘం ఏకగ్రీవంగా ఒక తీర్మానం చేసింది. ఊరికి దక్షిణాన ఉన్న మడ అడవిలో ఒక వింతప్రాణి ఉన్నదని ఆ తీర్మానం సారాంశం. చేతులెత్తమంటే అందరూ ఎత్తారు. ఎత్తనివాళ్ళు నిద్రలో ఉన్నారు కాబట్టి వాళ్ళవీ ఎత్తినట్టే రాసుకున్నారు. ప్రాణిని మాత్రం ఎవరూ సంప్రదించలేదు. ఎవరి గురించి తీర్మానం చేస్తే వాళ్ళను సంప్రదించే అలవాటు సంఘానికి మొదటినుంచీ లేదు.

మొగలిదిబ్బ రేపల్లెకు కింద, రోడ్డు అయిపోయి బురద మొదలయ్యేచోట ఉంటుంది. అక్కడినుంచి సముద్రం దాకా మడచెట్లూ, వాటి మధ్య ఉప్పునీటి పాయలూ. సాక్షుల వివరాల ప్రకారం ప్రాణి ఎత్తు ఏడడుగులు. జుట్టు నడుం దాకా, గడ్డం బొడ్డు దాకా. ఒళ్ళంతా బురద. మనుషుల్ని చూస్తే మడచెట్ల వేళ్ళ మధ్యకు దూరిపోతుంది. ఒక సాక్షి మాత్రం అది రెండుసార్లు దగ్గి, "ఛీ, పాడు దగ్గు" అనడం తాను చెవులారా విన్నానని చెప్పింది. ఆ మాటను మినిట్సులోంచి కొట్టేశారు. ప్రాణులు అలా అనవు.

వెనక చాప మీద కూర్చున్న హెలెన్ ఆ దగ్గు సంగతి విని తలెత్తింది. హెలెన్ రేపల్లె మార్కెట్లో ఎండుచేపలు అమ్ముతుంది. ఆ దగ్గు ఆమెకు నలభై ఏళ్ళుగా తెలుసు. దానికి శొంఠి నూరి, తేనెలో కలిపి, ముక్కు మూసి మింగించింది ఆమే. అది ఆమె తమ్ముడు మార్కు దగ్గు.

మార్కు అడవిలో ఎందుకున్నాడో చెప్పాలంటే మూడేళ్ళు వెనక్కి వెళ్ళాలి. ఒక వేసవి ఉపవాస కూడికకు పైనుంచి పెద్ద ప్రసంగీకుడొకరు వచ్చారు. పన్నెండున్నరకు ఆయన, "చివరిగా ఒక్క మాట" అన్నారు. ఆ తర్వాత ఒంటిగంటకూ, ఒంటిగంటంబావుకూ కూడా అదే అన్నారు. మూడుంబావుకు మళ్ళీ, "చివరిగా ఒక్క మాట" అనేసరికి, మార్కు లేచి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. 

"అయ్యగారండీ, చివరి మాటలు తొమ్మిదయినాయండి. ఇంకెన్ని ఉన్నాయో సెలవిస్తే, ఈలోగా పిల్లలకి కాస్త అన్నం పెట్టుకొస్తారండి తల్లులు" అన్నాడు.

ఇంత ఘోరం ఆ ఆవరణలో అంతకుముందు జరగలేదు. పెద్దలు ఆ సాయంత్రమే కూర్చున్నారు. మార్కుకు ఆరాధనలో పంచే సంస్కారపు రొట్టె ఇవ్వరాదు. గేటు దాటి లోపలికి రానివ్వరాదు. అతనితో కలిసి సభ్యులెవరూ భోజనం చెయ్యరాదు. ఆవరణలో అతని పేరు ఎత్తరాదు. క్షమాపణ పత్రం ఇస్తే ఆలోచిస్తారు. మార్కు కూడా మొండివాడే. "తొమ్మిది అన్నది తప్పని తేలిస్తే ఇప్పుడే రాసిస్తా" అన్నాడు. అది తేల్చడానికి మళ్ళీ కూర్చుంటే పెద్దల్లో ఇద్దరు ఎనిమిదన్నారు, ఒకరు పదకొండన్నారు. విచారణ వాయిదా పడింది. ఆ వాయిదా నేటికీ ఏ ఆటంకమూ లేకుండా సాగుతోంది.

కలిసి భోంచేసేవాళ్ళు లేని ఊళ్ళో ఉండటమెందుకని మార్కు వలా, కత్తీ, కుండా తీసుకుని మడ అడవిలోని మెరక మీదికి పోయి గుడిసె వేసుకున్నాడు. పీతలు పట్టి సింగరయ్య పడవలో పంపేవాడు. అదే పడవలో హెలెన్ బియ్యం, ఉప్పు, చింతపండు పంపేది. మంగలి మాత్రం ఆ పడవ ఎక్కలేదు. మూడేళ్ళలో ఏ మనిషికైనా ఎంత జుట్టు పెరుగుతుందో అంతే పెరిగింది.

ఇదంతా ఇట్లాగే గడిచిపోయేదేగాని, హెలెన్ కూతురు మాధురికి పిట్టలవానిపాలెం సంబంధం కుదిరింది. మే నెల మూడో గురువారం పెళ్ళి. తండ్రి లేని పిల్లను మేనమామ చెయ్యిపట్టుకుని చర్చి గేటు నుంచి ముందు వరుస దాకా నడిపించడం అక్కడి వాడుక. "ఈ కన్యకను ఎవరు ఇస్తున్నారు?" అని పాస్టరు అడిగితే, "నేనేనండి" అనవలసింది ఆ మేనమామే. మేనమామ లేని పక్షంలో సంఘ పెద్ద ఒకరు ఆ పని చేసిపెడతారని పాస్టరు జెకర్యా గారు దయతో కబురు చేశారు.

మాధురి ఒప్పుకోలేదు. "ఆ పెద్దాయన నా చెయ్యి పట్టుకోటం ఏంటమ్మా? నాకు నడక నేర్పిందెవరు? మావయ్య రాకపోతే నేను గేటు బయటే నిలబడతా. పెళ్ళికొడుకునే బయటికి రమ్మను. తాళి రోడ్డు మీద కడతాడు."

"రోడ్డు మీద కడితే రిజిస్టర్లో ఎవరు రాస్తారే?"

"సింగరయ్య మావ రాస్తాడు."

"వాడికి సంతకమే రాదు."

హెలెన్‌కు నిద్ర పట్టని రోజులవి. సరిగ్గా అప్పుడే తమ్ముడు వింతప్రాణి అయ్యాడు.

ఈ విషయంలో తొలి ఘనత తెనాలి సోదరుడు అజయ్ బాబు గారికి దక్కాలి. యువ సువార్తికుడు, సొంత యూట్యూబ్ ఛానల్ ఉన్నవాడు. అరణ్య ప్రయాణం మీద వీడియో తీద్దామనుకున్నారు. ఇసుక ఎడారి తెనాలి దగ్గర్లో లేదు. గ్రంథంలో అరణ్యమనే ఉంది కాబట్టి చెట్లుంటే చాలుననుకుని మడ అడవికి వచ్చారు. తెల్ల అంగీ, చేతికర్రతో పాయ ఒడ్డున నిలబడి, "ప్రభువా, నీ కార్యం చూపించు" అన్నారో లేదో, మోకాటిలోతు బురదలోంచి మార్కు పైకి లేచాడు, చేతిలో అరకిలో మండపీతతో. తర్వాత ఛానల్లో వచ్చిన వీడియో పదకొండు సెకన్లు. అందులో తొమ్మిది సెకన్లు సోదరుడి చెప్పులే. పరిగెత్తేటప్పుడు ఫోను కిందికి తిరిగి ఉంది మరి. అయినా చెప్పులు చూసినవాళ్ళందరికీ ప్రాణి స్పష్టంగా కనిపించింది.

ప్రాణి ఉన్నదని తేలాక, దాని గురించి క్రైస్తవులు ఏమనుకోవాలో తేల్చవలసి వచ్చింది. అజయ్ బాబు గారు అది ఏశావు సంతతి అన్నారు. పుట్టుకతో ఒళ్ళంతా రోమాలున్న మనిషి వంశం ఎక్కడికి పోతుంది, తెనాలి కాలవ వెంబడి వచ్చి ఇక్కడ తేలింది అన్నారు. బాపట్లలో గిరీష్ గారని రిటైరైన జువాలజీ లెక్చరరు, సండే స్కూలు సూపరింటెండెంటు కూడా. ఆయన అది జలప్రళయం నాడు ఓడ ఎక్కలేకపోయిన ప్రాణి అన్నారు. వరుసలో ఆఖరున నిలబడి ఉంటుందనీ, తలుపు మూసేసి ఉంటారనీ, అయినా ఈత వచ్చు కాబట్టి బతికిందనీ నలభై పేజీల కరపత్రం వేశారు. జెకర్యా గారు మాత్రం అది దయ్యమన్నారు. దయ్యమైతే దాన్ని వెళ్ళగొట్టే అధికారం స్థానిక పాస్టరుది. ఏశావు సంతతైతే తెనాలివాళ్ళదీ, ఓడదైతే బాపట్లవాళ్ళదీ అయిపోతుంది.

మూడు ఊళ్ళ మధ్య ప్రేమ చల్లారిపోకూడదని ఒక సంయుక్త సంఘం వేశారు. దాని పేరు మడ అడవి అద్భుత ప్రాణి క్రైస్తవ దృక్పథ నిర్ధారణ సంయుక్త సమన్వయ సంఘం. లెటర్‌హెడ్ మీద పేరు వేశాక ఉత్తరం రాయడానికి చోటు మిగల్లేదు. అందుకని ఆ సంఘం ఎవరికీ ఉత్తరాలు రాయలేదు. క్రమశిక్షణ గల సంఘమని దానికి మంచిపేరు వచ్చింది.

హెలెన్ మొదట జెకర్యా గారి దగ్గరికి వెళ్ళింది. ఆయన వరండాలో కూర్చుని దయ్యం మీద నోట్సు రాసుకుంటున్నారు.

"వందనాలండి అయ్యగారూ. అది ప్రాణి కాదండి. మా మార్కండి."

జెకర్యా గారు చెవులు మూసుకుందామనుకుని, చేతిలో పెన్ను ఉండటంతో కళ్ళు మూసుకున్నారు. "సిస్టర్, క్రమశిక్షణలో ఉన్న మనిషి పేరు ఈ ఆవరణలో ఎత్తకూడదు కదా."

"ఎత్తకుండా ఎట్టా చెప్పేదండి? మా అమ్మ కొడుకండి. నాకంటే ఆరేళ్ళు చిన్నోడండి."

"సరే, మీరన్నదే నిజమనుకుందాం. వెలివేసిన మనిషిని సభ్యులు చూడకూడదు. అప్పుడు సంఘమంతా ప్రాణిని చూడటం మానుకోవాలి. దాన్ని చూడటానికి వచ్చే తెనాలి బస్సులు ఆగిపోవాలి. ఉపవాస ప్రార్థనలు ఆగిపోవాలి. మీ ఒక్క తమ్ముడి కోసం ఇంత దైవకార్యం ఆపమంటారా?"

"ఆపొద్దండి. పిల్ల పెళ్ళికి వాణ్ణి గేటు లోపలికి రానిస్తే చాలండి."

"ఎవర్ని? ప్రాణినా, మనిషినా?"

"మనిషినేనండి."

"మనిషైతే కుదరదు సిస్టర్" అన్నారాయన, ఎంతో బాధగా.

మర్నాడు హెలెన్ చేపల బుట్ట పక్కింట్లో పెట్టి, బస్సెక్కి బాపట్ల పోయింది. గిరీష్ గారు మర్యాదస్థులు. కుర్చీ వేయించి, కాఫీ ఇప్పించారు. ఆమె చెప్పినదంతా శ్రద్ధగా విన్నారు.

"మీ తమ్ముడి ఎత్తెంతమ్మా?"

"నా అంతే ఉంటాడండి. మహా అయితే నాలుగు వేళ్ళు ఎక్కువండి."

"చూశారా! ప్రాణి ఏడడుగులు. కాబట్టి అది మీ తమ్ముడు కాదు."

"ఏడడుగులని ఎవరు కొలిచారండి?"

"కొలవటమెందుకు? తెనాలివాళ్ళు ఎనిమిదన్నారు, రేపల్లె వైపువాళ్ళు ఆరన్నారు. సమాధానంగా ఉండాలని మేం ఏడన్నాం. అందరూ సంతకాలు పెట్టారు." ఆయన ఆమె వంక జాలిగా చూశారు. "సొంతమనిషి దూరమైనప్పుడు అడవిలో ఏది కదిలినా మనవాడే అనిపిస్తుందమ్మా. సహజం. కాఫీ చల్లారిపోతోంది."

మనిషిని మనిషని ఒప్పించడానికి మనిషినే తీసుకుపోవాలని హెలెన్‌కు అప్పుడు తట్టింది. శనివారం పొద్దున్నే సింగరయ్య పడవ ఎక్కింది. సింగరయ్యవాళ్ళది సముద్రం మీద బతికే పల్లె. అతనికి ఈ సంఘంతో సంబంధం లేదుగాని, ప్రాణిని చూడటానికి వచ్చే భక్తులను పాయలోకి తిప్పి తీసుకురావడంతో ఈ నెల అతనికి తీరికే లేదు.

"అది మార్కేనని నీకు తెలుసుగా సింగరయ్యా. ఒక్కరికైనా చెప్పలేకపోయావా?"

"ఒక్కరైనా అడిగితేగదక్కా! ఎంతుంది, ఎట్టుంది, కొమ్ములున్నయ్యా అంటారు. ఎవరది అని అడిగినోడు లేడు."

మార్కు గుడిసె ముందు కూర్చుని బన్ను తింటున్నాడు. పక్కన బుట్టనిండా బన్నులు, రొట్టెలు. అక్కను చూసి నవ్వాడు. గడ్డంలో నవ్వు ఎక్కడుందో హెలెన్ వెతుక్కోవలసి వచ్చింది.

"ఏందిరా ఈ రొట్టెలు?"

"మన సంఘంవాళ్ళేనే అక్కా. పడవల్లో వచ్చి, పాట పాడి, విసిరి పోతన్నారు. మూడేళ్ళ కిందట చిటికెడు ముక్క పెట్టటానికి చేతులు రాలేదా? ఇప్పుడు అంతంత ముద్దలు గురిచూసి కొడతన్నారు. మొన్న ట్రెజరరు కొట్టింది నా చెవికి తగిలింది." మార్కు చెవి చూపించాడు. "చానా భక్తిగా కొట్టాడులే."

"పెళ్ళి ఇంక పంతొమ్మిది రోజులుందిరా."

మార్కు చేతిలో బన్ను కింద పెట్టాడు. "పిల్ల ఏమంటంది?"

"నువ్వు రాకపోతే గేటు దాటనంటంది."

"దానికి మొండితనం ఎవర్నించి వచ్చిందో!"

"ఇంకెవర్నించి? లే. జుట్టు తీయించుకుని, సభలో నిలబడి, నేను మనిషినండి, తప్పయిందండి అని చెప్పు. తొమ్మిదో, తొంభయ్యో, ఎవడిక్కావాలి?"

మార్కు కింద పెట్టిన బన్ను మళ్ళీ తీసుకున్నాడు. "నా మటుక్కి తొమ్మిదే. అయినా పిల్ల కోసం ఎనిమిదంటాలే" అన్నాడు. మూడేళ్ళ విచారణ అట్లా ఒక బన్ను తినేలోగా ముగిసింది. కాకపోతే పెద్దలెవరూ అక్కడ లేరు.

ఆదివారం మొగలిదిబ్బలో సంయుక్త సంఘం మహాసభ. షామియానా, మైకులు, మూడు ఊళ్ళ జనం. అజయ్ బాబు గారు తన చెప్పులను వేదిక మీద ప్రదర్శనకు పెట్టారు. "ప్రియులారా, ఈ పాదరక్షలు ఆ ప్రాణికి పదడుగుల దూరంలో ఉన్నాయి! ఇవి చూసిన మీ కళ్ళు ధన్యమైనవి!" అన్నారు. జనం వరుసకట్టి ధన్యులయ్యారు. గిరీష్ గారు ఓడలో తలుపు ఎటువైపు తెరుచుకునేదో గంటసేపు వివరించారు. జెకర్యా గారు దయ్యాల్లో రకాలను వర్ణించి, తమ ప్రాంతపు దయ్యం వాటిలో మొదటి తరగతిదని చెప్పినప్పుడు స్థానికుల ఛాతీలు కొంచెం పొంగాయి.

అప్పుడు షామియానా పక్కనుంచి నున్నగా గడ్డం గీయించుకున్న మనిషి ఒకడు బావగారి పాత తెల్లచొక్కా తొడుక్కుని ముందుకొచ్చాడు. పక్కన హెలెన్. చొక్కా భుజాల దగ్గర వదులుగా ఉంది. అయినా ఆమెకు తమ్ముడు ఆ రోజు ఎంతో అందంగా కనిపించాడు.

"అందరికీ వందనాలండి. మీరనే ఆ ప్రాణి నేనేనండి" అన్నాడు మార్కు.

గిరీష్ గారు శాస్త్రం తెలిసినవారు కాబట్టి తొందరపడలేదు. జేబులోంచి టేపు తీసి కొలిచారు. ఐదడుగుల నాలుగంగుళాలు. "ఏడుకు అడుగున్నర పైగా తక్కువ. తోసిపుచ్చడమైనది" అని మైకులో ప్రకటించారు. గడ్డం చూపించమని అజయ్ బాబు గారు అడిగారు. నిన్న తీయించేశానని మార్కు చెప్పాడు. సాక్ష్యాన్ని నాశనం చేశాడని జనంలోంచి ఎవరో అరిచారు. ప్రాణికి రావలసిన పేరు తాను కొట్టేద్దామని చూస్తున్నాడని ఇంకెవరో అన్నారు.

ఇంతలో జెకర్యా గారు కళ్ళజోడు సవరించుకున్నారు. "ఇతను క్రమశిక్షణలో ఉన్న వ్యక్తి! ఆవరణలోకి ఎట్లా వచ్చాడు?"

"ఎనిమిదేనండి అయ్యగారూ, తప్పయిందండి" అని మార్కు చేతులు జోడించాడు. కాని అప్పటికే సభ్యులందరూ, నిబంధన ప్రకారం, ముఖాలు అటు తిప్పుకున్నారు. ఎనిమిదివందల వీపులకు క్షమాపణ చెప్పడం ఎట్లాగో అతనికి తెలియలేదు. ప్రాణిగా నెలరోజులు నిలిచినవాడు మనిషిగా నాలుగు నిమిషాలు నిలవలేకపోయాడు. ఇద్దరు పెద్దలు, ముఖాలు చూడకుండానే, అతన్ని గేటు బయట పెట్టారు.

హెలెన్ తమ్ముడి వెంట గేటు దాకా వెళ్ళి, అక్కడే నిలబడిపోయింది. లోపల తీర్మానాలు చదువుతున్నారు. మూడు ఊళ్ళూ రాజీపడ్డాయి. ప్రాణి ఏశావుకు దూరపు బంధువు, ఓడకు ఆలస్యంగా వచ్చినది, అప్పుడప్పుడూ దయ్యం పట్టేది. ఇది మొదటి తీర్మానం. నాలుగోది ఇట్లా ఉంది: "సదరు ప్రాణి మనిషి కానందున, మనుషులకు వర్తించే సంఘ క్రమశిక్షణ దానికి వర్తించదు. పశువుల పాకలో పశువులకు చోటున్నట్టే, మన ఆరాధనల్లోనూ, శుభకార్యాల్లోనూ దానికి చోటుంటుంది. అది రాదలిస్తే గేటు తెరిచి ఉంచవలెను."

హెలెన్ ఆ నాలుగో తీర్మానం రెండోసారి కూడా చదివించుకుని విన్నది.

"మార్కూ, నువ్వు ప్రాణిగా రారా పెళ్ళికి" అంది బయటికొచ్చి.

"నిన్ననే గదే గొరిగించావ్!"

గొరిగించిన జుట్టు మళ్ళీ పెరగాలంటే మూడేళ్ళు. పెళ్ళి మూడు వారాల్లో ఉంది. కాని హెలెన్‌కున్న స్త్రీల సమాజం కోశాధికారి పదవి ఊరికే పోదు. క్రిస్మస్ నాటకం పెట్టె తాళం ఆమె దగ్గరే ఉంటుంది. అందులో తూర్పు జ్ఞానుల గడ్డాలు మూడు, జనుముతో చేసినవి. గొర్రెలకాపరి గోనె అంగీ ఒకటి. ఒంటె మీద కప్పే రోమాల దుప్పటి ఒకటి. పన్నెండేళ్ళుగా ప్రతి డిసెంబరులోనూ సంఘమంతా ఎదురుగా కూర్చుని చూసిన సరుకే. మూడు గడ్డాల్ని ఒకదానికొకటి కుట్టింది. ఎత్తు చాలదని చెప్పుల కింద కొబ్బరి డొక్కలు కట్టింది. కొత్తగా కనిపించే ముఖానికి తానే పాయ బురద పూసింది. పూస్తూ పూస్తూ మధ్యలో ఆగి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"మనిషిని చేద్దామని తీసుకొచ్చానురా నిన్ను."

"గడ్డం సరిగ్గా కట్టు. చెవికి తగలనీకు, ఇంకా నొప్పిగా ఉంది" అన్నాడు మార్కు.

ఒక్క పని మిగిలింది. అది మా తమ్ముడని హెలెన్ రెండు ఊళ్ళలో చెప్పి ఉంది. దాన్ని తుడిచేస్తేగాని ప్రాణి పెళ్ళికి రావడం శుభ్రంగా ఉండదని జెకర్యా గారు చెప్పారు. పెళ్ళి ముందు ఆదివారం ఆమె సాక్ష్యానికి నిలబడింది. సాక్ష్యమంటే, దేవుడు తనకు చేసిన మేలు మైకు ముందు ఉన్నదున్నట్టు చెప్పడం.

"ఆ అడవిలోది నా తమ్ముడు కాదండి. నాకు దానితో ఏ సంబంధమూ లేదండి" అంది హెలెన్.

మైకు పనిచెయ్యలేదు. మళ్ళీ చెప్పమన్నారు. మళ్ళీ చెప్పింది. అజయ్ బాబు గారు ఫోను ఆన్ చెయ్యడం మర్చిపోయారు. "సారీ సిస్టర్, ఇంకొక్కసారి, కొంచెం నవ్వుతూ" అన్నారు. మూడోసారి కూడా చెప్పింది. గ్రంథంలో శిష్యుడు మూడోసారి ఎరగనన్నప్పుడు కోడి కూసింది. ఇక్కడ ఏదీ కూయలేదు. ఆవరణలో ఉన్న ఒక్క కోడినీ పెద్దల భోజనానికి పొద్దున్నే కోసేశారు.

పెళ్ళిరోజు పిట్టలవానిపాలెంవాళ్ళు రెండు బస్సుల్లో దిగారు. పెళ్ళికూతురి తరఫున ప్రాణి వస్తుందని ముందే తెలియడంతో, రాలేమని చెప్పిన చుట్టాలు కూడా వచ్చారు. పదిన్నరకు అది అడవి వైపునుంచి, కొబ్బరి డొక్కల మీద జాగ్రత్తగా అడుగులేసుకుంటూ వచ్చింది. గేటు రెండు తలుపులూ తెరిచి, జెకర్యా గారు స్వయంగా పక్కకు తప్పుకున్నారు. ఎర్ర తివాచీ మీద బురద పాదాలు పడుతుంటే పెద్దలు, "పరవాలేదు, పరవాలేదు" అన్నారు. మాధురి వెళ్ళి దాని చెయ్యి పట్టుకుంది.

"ఎంత మెత్తగా పట్టుకుందో చూడండి. అచ్చం మనిషే" అంది ముందు వరుసలో పాస్టరమ్మగారు.

"మావయ్యా, గడ్డం ఎడమవైపు ఊడుతోంది" అంది మాధురి పెదవులు కదలకుండా.

"నువ్వు ఎడమవైపే నడవవే తల్లీ."

ముందు వరుస చేరాక జెకర్యా గారు గంభీరంగా, "ఈ కన్యకను ఎవరు ఇస్తున్నారు?" అని అడిగారు. అడిగాక ఆయనకే సందేహం కలిగింది. జంతువు జవాబు చెప్పవచ్చునా? గిరీష్ గారు లేచి, గ్రంథంలో నోరు తెరిచి మాట్లాడిన గాడిద ఉన్నదనీ, అభ్యంతరం లేదనీ నిర్ణయం చెప్పారు.

ప్రాణి రెండుసార్లు దగ్గింది. "నేనేనండి" అంది.

చర్చి దద్దరిల్లింది. హల్లెలూయలు ఆగలేదు. ప్రాణి తెలుగులో మాట్లాడింది, అందులోనూ 'అండి' అని మర్యాదగా మాట్లాడింది! జెకర్యా గారు ఏడ్చేశారు. మొన్న మహాసభలో ఒక మనిషి ఇదే మాట అన్నప్పుడు అక్కడ ఉన్నవాళ్ళంతా ఇవాళా ఉన్నారు. ఇవాళ మాత్రం ఎవరూ ముఖం తిప్పుకోలేదు. విందులో ప్రాణి పక్కన కూర్చోవడానికి పెద్దలు తోసుకున్నారు. ట్రెజరరు తన విస్తట్లో మాంసం ముక్క తీసి దాని విస్తట్లో వేశాడు.

హెలెన్ కూతురి తలమీద చెయ్యివేసి, తమ్ముడు తినడం చూస్తూ నిలబడింది. అందరితో కలిసి, ఒకే బంతిలో, మూడేళ్ళ తర్వాత. ఆమె కోరుకున్నది జరిగింది. కోరుకున్నది జరిగితే సంతోషపడాలి కాబట్టి సంతోషపడింది.

ఆ తర్వాతి సంగతులు క్లుప్తంగా చెప్పుకోవచ్చు. ప్రాణికి సంఘంలో శాశ్వత సభ్యత్వం, ముందు వరుసలో కుర్చీ ఇచ్చారు. మార్కు అనే వ్యక్తి వ్యవహారం మాత్రం విచారణలోనే ఉంది. మూడు ఊళ్ళ సంయుక్త సంఘం ఇతర ప్రాంతాల్లోనూ ప్రాణుల కోసం వెతకాలని నిర్ణయించింది. వెతకవలసిన పని లేకుండానే కనిపించడం మొదలైంది. తెనాలిలో ఇంట్లో చెప్పకుండా పెళ్ళి చేసుకున్న ఆడకూతురు ఒకామె, వేమూరులో పాస్టరు కారుకు దారివ్వని ఆటో డ్రైవరు ఒకడు, బాపట్లలో గిరీష్ గారి కరపత్రంలో తప్పు చూపించిన కుర్ర టీచరమ్మ ఒకామె, ఒకరి తర్వాత ఒకరు హెలెన్ ఇంటికి వచ్చి, నాటకం పెట్టె సంగతి గొంతు తగ్గించి అడిగారు.

నిన్న సింగరయ్య కూడా వచ్చాడు. చాలాసేపు వానల గురించీ, వల గురించీ మాట్లాడాడు. పోబోతూ గుమ్మంలో ఆగాడు.

"అక్కా, ఇది మీ సంఘంవాళ్ళకేనా, మావాళ్ళక్కూడా పనిచేస్తదా?"

"ఏంటి?"

"మా కులపెద్దలు వెలేసిన బావమరిది ఒకడున్నాడు. ఏడేళ్ళయింది. జాతరకి రానియ్యరు, చావుకి రానియ్యరు. మనిషిగా చానా చెప్పి చూశామక్కా." అతను తల గోక్కున్నాడు. "ఆ గడ్డాల్లో ఒకటి రెండ్రోజులు ఇస్తావా?"

హెలెన్ ఇచ్చింది. కుట్లు విప్పి, మూడింటినీ మళ్ళీ వేరుచేసి, ఒకటి ఇచ్చింది. ఇంకా రెండున్నాయి. ఏ మతంవాళ్ళయినా, ఏ ఊరివాళ్ళయినా అడగవచ్చు, ఆమె లేదనే మనిషి కాదు. మీ ఊరికి ఎన్ని కావాలో మాత్రం మీరే చెప్పాలి. గేటు బయట ఎవరెవర్ని నిలబెట్టారో మీకేగా తెలుసు.